పిల్లల వెన్ను వంపుకు ష్రోత్ వ్యాయామ చికిత్స: హైదరాబాదులో మేము పొందిన సేవపై సమీక్ష

ఎదిగే వయసు పిల్లల్లో వెన్నెముక పక్కకు వంగే సమస్యకు, అంటే వైద్యులు స్కోలియోసిస్ అని పిలిచే దానికి, ష్రోత్ పద్ధతి అనే ప్రత్యేకమైన వ్యాయామాలతో చికిత్స చేసే ఫిజియోథెరపీ కేంద్రాలు ఇప్పుడు హైదరాబాదులోనూ ఉన్నాయి. వాటిలో ఒకదానికి మా అమ్మాయిని తీసుకువెళ్తున్నాం. ఇదే పద్ధతిని అనుసరించే ఏ కేంద్రానికి వెళ్లే తల్లిదండ్రులకైనా ఈ వివరాలు ఉపయోగపడాలన్న ఉద్దేశంతో కేంద్రం పేరు రాయడం లేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ వ్యాయామాలు శ్రద్ధగా నేర్చుకోదగినవి. వంపు తక్కువగా ఉన్నప్పుడు వాటినే ముఖ్య సాధనంగా పెట్టుకోవచ్చు. వంపు 25 డిగ్రీలు దాటి, ఇంకా ఎదుగుదల మిగిలి ఉన్న బిడ్డ విషయంలో మాత్రం అవి బ్రేస్‌కు, అంటే వెన్నును నిలబెట్టేందుకు ఒంటికి బిగించే గట్టి తొడుగుకు, తోడుగా ఉండాలే తప్ప బ్రేస్ స్థానాన్ని ఆక్రమించకూడదు. ఈ తేడాను స్పష్టంగా చెప్పిన కేంద్రం దొరికింది కాబట్టే మేము అక్కడ కొనసాగుతున్నాం.

మన ఇళ్లలో ఈ వంపు చాలాసార్లు బట్టల దగ్గర బయటపడుతుంది. జాకెట్ కొలతలు తీసే టైలరు ఒక భుజం కిందికి ఉందంటాడు, లేదా లంగా ఎంత సరిచేసి కట్టినా ఒకవైపు అంచు పైకి లేచి ఉంటుంది. నొప్పి సాధారణంగా పెద్దగా ఉండదు కాబట్టి బిడ్డ తనంతట తాను చెప్పదు. పది నుంచి పద్నాలుగేళ్ల మధ్య, ఒంటికి ఎత్తు వేగంగా పెరిగే నెలల్లోనే వంపు కూడా వేగంగా పెరుగుతుంది. చిన్న వంపులు ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ కనిపించినా, చికిత్స అవసరమయ్యేంతగా పెరిగేవి ఆడపిల్లల్లోనే చాలా ఎక్కువ. ఈ వయసు పిల్లల్లో కనిపించే వంపుల్లో అత్యధిక శాతానికి ఫలానా కారణమని చెప్పలేని పరిస్థితి ఈనాటికీ ఉంది. బడిసంచి బరువు వల్లనో, వంగి కూర్చుని చదవడం వల్లనో ఇది రాదు. అయినా ఎంతోమంది తల్లులు తాము సరిగా చూసుకోలేదని బాధపడుతూ వస్తారని అక్కడి థెరపిస్టు చెప్పారు. ఆ అపరాధ భావాన్ని మొదటి సంభాషణలోనే తొలగించడం ఆమె చేసిన మంచి పనుల్లో ఒకటి.

మొదటిసారి వెళ్లినప్పుడు వ్యాయామం ఏదీ చేయించలేదు, సమయమంతా కొలతలకే కేటాయించారు. అమ్మాయిని పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్లు వంచకుండా, రెండు అరచేతులూ కలిపి ముందుకు వంగమన్నారు. వెనుక నుంచి చూస్తే వీపుకు కుడివైపు పక్కటెముకలు ఎడమవైపు కంటే ఎత్తుగా లేచి కనిపించాయి. ఇంగ్లండుకు చెందిన విలియం ఆడమ్స్ 1865లో వివరించిన ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు, ఏ ఇంట్లోనైనా ఎవరైనా చేసి చూడవచ్చు. వెన్నెముక పక్కకు వంగడమే కాకుండా తన చుట్టూ తాను మెలి కూడా తిరుగుతుందని, ఆ మెలికే పక్కటెముకలను ఒకవైపు వెనక్కి నెడుతుందని అప్పుడు కళ్లారా అర్థమైంది. తరువాత స్కోలియోమీటర్ అనే చిన్న పరికరాన్ని వీపుపై ఆనించి ఆ వాలును డిగ్రీలలో చదివారు. అది 7 డిగ్రీలుంటే ఎక్స్‌రే తీయించడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. కొందరు 5 డిగ్రీలకే పంపుతారు.

మేము తీసుకువెళ్లిన ఎక్స్‌రేను థెరపిస్టు మళ్లీ కొలిచి, ఎముకల వైద్యుడు రాసిన అంకెతో పోల్చి చూశారు. అమెరికాకు చెందిన జాన్ కాబ్ 1948లో ప్రతిపాదించిన కొలత ఇది: వంపుకు పై కొసన అన్నిటికంటే ఎక్కువగా వాలిన వెన్నుపూస మీద ఒక గీత, కింది కొసన అలాగే వాలిన వెన్నుపూస మీద మరో గీత గీసి, వాటి మధ్య కోణాన్ని లెక్కిస్తారు. అది 10 డిగ్రీలు ఉంటేనే స్కోలియోసిస్ అంటారు. ఈ కొలతలో దాదాపు 5 డిగ్రీల తేడా కొలిచే మనిషిని బట్టి, నిలబడిన తీరును బట్టి రావచ్చు. ఈ ఒక్క విషయం తెలిసిన తల్లిదండ్రులకు ప్రకటనల్లో కనిపించే సగం మాటలు విలువ కోల్పోతాయి. మూడు డిగ్రీలు తగ్గించామని చెప్పే కేంద్రం నిజానికి ఏమీ తగ్గించకపోయి ఉండవచ్చు, మూడు డిగ్రీలు పెరిగిందని భయపడే తల్లికి నిజానికి ఏమీ పెరగకపోయి ఉండవచ్చు.

కోణంతో పాటు చూడవలసినది రిస్సర్ దశ. తుంటి ఎముక పై అంచు ఎంతవరకు గట్టిపడిందో ఎక్స్‌రేలో చూసి 0 నుంచి 5 వరకు అంకె ఇస్తారు. అంకె ఎంత తక్కువైతే అంత ఎదుగుదల మిగిలి ఉన్నట్టు. లోన్‌స్టైన్, కార్ల్‌సన్ అనే ఇద్దరు వైద్యులు 1984లో ప్రచురించిన లెక్కల ప్రకారం, 20 నుంచి 29 డిగ్రీల వంపు ఉండి రిస్సర్ 0 లేదా 1 దశలో ఉన్న పిల్లల్లో 68 శాతం మందికి వంపు పెరిగింది. అదే వంపు ఉండి రిస్సర్ 2 నుంచి 4 దశల్లో ఉన్నవారిలో పెరిగింది 23 శాతం మందికే. 20 డిగ్రీల లోపు వంపుతో, రిస్సర్ 2 నుంచి 4 దశల్లో ఉన్న పిల్లల్లో అది 2 శాతం కూడా లేదు. అంటే ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చునే ఇద్దరు ఆడపిల్లలకు ఒకే కోణం ఉన్నా, ఒకరికి ఆరు నెలలకోసారి చూపించుకుంటే సరిపోవచ్చు, మరొకరికి వెంటనే బ్రేస్ కావలసి రావచ్చు. మా అమ్మాయి రెండో కోవలోకి వచ్చింది. అంతకుముందు మేము వెళ్లిన మరోచోట రిస్సర్ దశను చూడనే లేదు. కొన్ని సిట్టింగుల ప్యాకేజీ తీసుకుంటే వెన్ను తిన్నగా అవుతుందని, బ్రేస్ వేస్తే కండరాలు బలహీనపడతాయని చెప్పారు. ఆ రెండు మాటలూ విన్నాక అక్కడికి మళ్లీ వెళ్లలేదు.

ఈ పద్ధతికి పేరు ఇచ్చిన కథరీనా ష్రోత్ 1894లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టారు. ఆమెకే వెన్ను వంపు ఉండేది, ఆ రోజుల్లోని బరువైన బ్రేస్‌ను పదహారేళ్ల వయసులో వేసుకున్నారు. లొట్టపడిన రబ్బరు బంతిలోకి గాలి చేరితే లొట్ట ఎలా పైకి లేస్తుందో చూసి, తన ఛాతీలో కుంగిన వైపుకు శ్వాసను మళ్లించే ప్రయత్నం మొదలుపెట్టారని, అద్దాల ముందు నిలబడి తన ఒంటినే పరిశీలించుకుంటూ వ్యాయామాలను రూపొందించారని చెబుతారు. 1921లో మైసెన్ పట్టణంలో ఆమె తన చికిత్సా కేంద్రాన్ని తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత కూతురు క్రిస్టాతో కలిసి పశ్చిమ జర్మనీకి చేరారు. సోబర్న్‌హైమ్ అనే ఊరిలో వారు నెలకొల్పిన కేంద్రానికి పిల్లలు వారాల తరబడి ఉండి నేర్చుకోవడానికి వచ్చేవారు. ఆమె 1985లో మరణించారు. ఈ చరిత్రను ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. రోజంతా ఇదే పనిగా, ఇంటికి దూరంగా, తమలాంటి పిల్లల మధ్య ఉంటూ నేర్చుకున్న పద్ధతిని మనం వారానికి ఒకటి రెండు సిట్టింగులకు కుదించుకుంటున్నాం. కాబట్టి మిగిలిన భారమంతా ఇంటి మీద పడుతుంది.

సిట్టింగ్ జరిగే గది పెద్దదేమీ కాదు. ఒక గోడకు అడ్డకర్రలు బిగించిన చెక్క నిచ్చెన, ఎదుట ఒకటి వెనుక ఒకటి నిలువెత్తు అద్దాలు, నేలపై చాపలు, చిన్న చిన్న బియ్యం సంచులు, రెండు పొడవాటి కర్రలు, ఒక పెద్ద గాలిబంతి. వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు వీపులో వెనక్కి పొడుచుకొచ్చిన చోట బియ్యం సంచి పెట్టి ఆ భాగాన్ని ముందుకు ఆనిస్తారు. ఆ స్థితిలో నడుము నుంచి తల వరకు వెన్నును పొడవుగా సాగదీయమని, తరువాత కుంగిన వైపు పక్కటెముకల మధ్యకు నెమ్మదిగా గాలి పీల్చమని, గాలి వదిలేటప్పుడు ఆ భంగిమ సడలకుండా కండరాలను బిగించి పట్టుకోమని చెబుతారు. బయటినుంచి చూసేవారికి పిల్ల ఊరికే పడుకుని ఊపిరి పీలుస్తున్నట్టే ఉంటుంది. పది నిమిషాలకు మా అమ్మాయి నుదుటిపై చెమట పట్టింది. థెరపిస్టు వేళ్లు ఎక్కడ ఆనిస్తే అక్కడికి శ్వాసను పంపడం నేర్చుకోవడానికి చాలా సిట్టింగులు పట్టాయి, అది వచ్చాక మాత్రం తన వెన్ను ఎటు వంగి ఉందో అద్దం చూడకుండానే తనకు తెలుస్తోంది. ఈ చికిత్సలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది ఇదే. బడిలో బెంచీ మీద కూర్చున్నప్పుడు, బస్సు కోసం నిలబడినప్పుడు తనను తాను సరిచేసుకోగలగడం సిట్టింగ్‌లో చేసే వ్యాయామాల కంటే ఎక్కువ గంటలు పనిచేస్తుంది.

ప్రతి బిడ్డకూ వ్యాయామాలు వేరుగా ఉంటాయన్నది గట్టిగా గుర్తుంచుకోవాలి. వంపు ఛాతీ దగ్గర ఉందా, నడుము దగ్గర ఉందా, రెండుచోట్లా ఎదురెదురుగా ఉందా, తుంటి భాగం ఎటు జరిగి ఉంది అన్నదాన్ని బట్టి ఎడమకు చేయవలసినదీ కుడికి చేయవలసినదీ మారిపోతుంది. యూట్యూబ్‌లో చూసి అందరికీ ఒకేలా చేయించడం అందుకే తప్పు. యోగా, ఈత గురించి కూడా తల్లిదండ్రులు తరచుగా అడుగుతారు. రెండూ ఆరోగ్యానికి మంచివే, పిల్లలు ఇష్టపడితే మానిపించకూడదు. అయితే ఈత వెన్ను వంపును సరిచేస్తుందన్నది ఎంత ప్రచారంలో ఉన్నా ఆధారం లేని మాట. వంపు ఉన్న పిల్లను ఆటలకు దూరంగా కూర్చోబెట్టడం అంతకంటే పెద్ద అన్యాయం. ప్రపంచంలోనే అందరికంటే వేగంగా పరుగెత్తిన ఉసేన్ బోల్ట్‌కు స్కోలియోసిస్ ఉంది.

ఇక ఆధారాల విషయానికి వస్తే, ఇక్కడ తల్లిదండ్రులు ఓపికగా చదవాలని నా విన్నపం. వ్యాయామానికి అనుకూలంగా ఉన్న పరిశోధనలు నిజంగానే ఉన్నాయి. ఇటలీలో మోంటికోనే బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, 25 డిగ్రీల లోపు వంపు ఉన్న 110 మంది పిల్లల్లో ప్రత్యేక వ్యాయామాలు చేసినవారి వంపు సగటున 5.3 డిగ్రీలు తగ్గగా, సాధారణ వ్యాయామాలు చేసినవారి వంపు 1.7 డిగ్రీలు పెరిగింది. అది ష్రోత్ పద్ధతి కాకపోయినా, తనను తాను సరిచేసుకోవడమే దానికీ మూలం. కెనడాలో ష్రైబర్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, 50 మంది పిల్లల్లో సగం మందికి మామూలు వైద్యంతో పాటు ష్రోత్ వ్యాయామాలు ఆరు నెలలు చేయించినప్పుడు రెండు గుంపుల మధ్య దాదాపు 3.5 డిగ్రీల తేడా కనిపించింది. ఈ అంకెలను ముందు చెప్పిన 5 డిగ్రీల కొలత తేడా పక్కన పెట్టి చూడాలి. గుంపు సగటులో ఆ తేడా నిజమే అయినా, ఒక్క బిడ్డ ఎక్స్‌రేలో అది స్పష్టంగా కనిపించకపోవచ్చు. అధ్యయనాలు చిన్నవి, కాలపరిమితి తక్కువ, ఎదుగుదల ముగిసేవరకు చూసినవి అరుదు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2012లో చేసిన సమీక్ష కూడా వ్యాయామాన్ని గట్టిగా సిఫారసు చేయడానికి నాణ్యమైన ఆధారాలు చాలవని తేల్చింది.

బ్రేస్ సంగతి వేరు. అమెరికా, కెనడాలలోని 25 ఆసుపత్రులలో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, 20 నుంచి 40 డిగ్రీల మధ్య వంపు ఉండి ఇంకా ఎదుగుతున్న పిల్లల్లో, వంపు 50 డిగ్రీలకు చేరకుండా ఎదుగుదల ముగించినవారు బ్రేస్ వేసుకున్న గుంపులో 72 శాతం, ఊరికే గమనించిన గుంపులో 48 శాతం. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని ముందుగానే ఆపేశారు. రోజుకు సుమారు 13 గంటలు, అంతకు మించి వేసుకున్నవారిలో 90 శాతం పైగా సఫలమయ్యారు. 50 డిగ్రీలు అన్నది ఊరికే పెట్టుకున్న గీత కాదు. ఛాతీ వంపు దానిని దాటితే ఎదుగుదల ఆగాక కూడా ఏటా సుమారు ఒక డిగ్రీ చొప్పున పెరిగే అవకాశం ఉంది కాబట్టి, 45 నుంచి 50 డిగ్రీల దగ్గర వైద్యులు శస్త్రచికిత్స గురించి మాట్లాడతారు. స్వీడన్‌లో 25 నుంచి 40 డిగ్రీల వంపు ఉన్న పిల్లలను మూడు గుంపులుగా చేసి రాత్రి బ్రేస్, ప్రత్యేక వ్యాయామం, సాధారణ శారీరక శ్రమలను పోల్చిన అధ్యయనం మన ప్రశ్నకు మరీ దగ్గరగా వస్తుంది. అందులో రాత్రి బ్రేస్ గుంపులో 76 శాతం మంది, సాధారణ శ్రమ గుంపులో 53 శాతం మంది సఫలమయ్యారు, అంటే వారి వంపు చెప్పుకోదగినంతగా పెరగలేదు. ప్రత్యేక వ్యాయామ గుంపు సాధారణ శ్రమ గుంపును చెప్పుకోదగినంతగా మించలేదు. ఆ స్థాయి వంపుకు వ్యాయామం ఒక్కటే చాలునని చెప్పేవారు ఈ ఫలితానికి సమాధానం ఇవ్వాలి.

మా కేంద్రంలో ఈ విషయాలు దాచకుండా చెప్పారు. బ్రేస్ వేసుకునే గంటలు తగ్గితే వ్యాయామం ఎంత చేసినా ఉపయోగం తగ్గుతుందని అమ్మాయికే నేరుగా, అర్థమయ్యే మాటల్లో వివరించారు. హైదరాబాదు ఎండల్లో గట్టి ప్లాస్టిక్ బ్రేస్‌ను రోజంతా భరించడం ఎంత కష్టమో థెరపిస్టుకు తెలుసు. లోపల కుట్లు లేని నూలు బనియన్ వేయించడం, చెమటకు చర్మం ఎర్రబడిన చోట్లను రోజూ చూసుకోవడం, రుద్దుకుంటున్న చోటును బ్రేస్ తయారు చేసినవారి చేత సరిచేయించడం వంటి సలహాలు వ్యాయామంతో సమానంగా ఉపయోగపడ్డాయి. బ్రేస్ తీసిన గంటల్లో వ్యాయామం, వేసుకున్న గంటల్లో శ్వాస సాధన అన్న ఏర్పాటు మా ఇంట్లో నిలబడింది.

ఇంటి సాధన రోజుకు అరగంట నుంచి ముప్పావుగంట వరకు ఉంటుంది. ఈ చికిత్సలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే, అది కేంద్రం చేతిలో లేదు. వంపు వేగంగా పెరిగే ఏళ్లు దాటుతూ, బ్రేస్, సాధన ఇంకా కొనసాగవలసిన కాలంలోనే మన పిల్లలు పదో తరగతికీ ఆపై ఇంటర్‌కూ సిద్ధం కావలసి రావడం మన దగ్గరి దురదృష్టం. తెల్లవారక ముందు మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రెసిడెన్షియల్ కాలేజీలో ఒక ఆడపిల్ల చాప పరుచుకుని, బియ్యం సంచి పెట్టుకుని ముప్పావుగంట సాధన చేయగల చోటు ఎక్కడ ఉంటుంది? హాస్టల్లో చేర్చాలనుకునే తల్లిదండ్రులు రిస్సర్ దశ తెలుసుకుని, కనీసం ఎదుగుదల నెమ్మదించే వరకు బిడ్డను ఇంటి నుంచే చదివించడం గురించి ఆలోచించాలి. పెళ్లి సంబంధాల భయంతో విషయాన్ని బంధువులకు తెలియనీయకుండా, బ్రేస్‌ను బయటికి వెళ్లేటప్పుడల్లా తీసేయించే కుటుంబాలున్నాయి. ఆ గోప్యతకు మూల్యం బిడ్డ వెన్నే చెల్లిస్తుంది.

లోపాలు కూడా రాయాలి. రుసుము మామూలు ఫిజియోథెరపీ కంటే ఎక్కువ, అది కూడా ముందుగా ప్యాకేజీ రూపంలో అడుగుతారు. మొదటి కొలతలు అయ్యాక, బిడ్డకు ఇది నప్పుతుందో లేదో తేలాక చెల్లించే వీలుంటే బాగుండేది. శిక్షణ పొందిన థెరపిస్టు ఒక్కరే కావడంతో ఆమె సెలవులో ఉన్న వారాల్లో సహాయకులు చేయించిన సిట్టింగులు నాసిగా ఉన్నాయి. భంగిమ తప్పినా ఎవరూ వేలు పెట్టి సరిచేయలేదు. ఊరు దూరమైనవారికి వీడియో సిట్టింగులు ఉన్నాయి కానీ, స్పర్శతో దారి చూపించే పద్ధతిని తెరమీద మొదటిసారి నేర్చుకోవడం సాధ్యం కాదు, నేర్చుకున్నది సరిచూసుకోవడానికి మాత్రమే అవి పనికొస్తాయి. సాధన పట్టికను కాగితంపై రాసి ఇమ్మని మేము అడిగితే గానీ ఇవ్వలేదు. ఫొటోలు తీసేముందు ప్రతిసారీ అనుమతి అడిగారు. గదిలో ఆడ థెరపిస్టు మాత్రమే ఉండటం, తల్లి పక్కన ఉండగలగడం, వీపు భాగం తెరుచుకునే గౌను ఇవ్వడం వంటివి ఆ వయసు పిల్లకు ఎంత ధైర్యమో చెప్పలేను. ఇవి లేని చోట పిల్ల రెండో వారానికే రానంటుంది.

ఫలితం సంగతి. ఎత్తు బాగా పెరిగిన కాలం దాటింది, ఈమధ్య తీయించిన ఎక్స్‌రేలో వంపు మొదటి కోణానికి కొలత తేడా పరిధిలోనే ఉంది, అంటే పెరగలేదు. భుజాల ఎత్తులో తేడా తగ్గి కనిపిస్తోంది, మెట్లెక్కేటప్పుడు ఆయాసం తగ్గిందని అమ్మాయి అంటోంది. ఇందులో బ్రేస్ వాటా ఎంత, వ్యాయామం వాటా ఎంత అని విడదీసి చెప్పడం మాకు సాధ్యం కాదు. ఆధారాలను బట్టి చూస్తే వంపు ఆగడంలో పెద్ద వాటా బ్రేస్‌దే అయి ఉండాలి. నిలబడే తీరు, శ్వాస, తన ఒంటి మీద తనకు కలిగిన పట్టు వ్యాయామం వల్ల వచ్చాయని మాత్రం నిస్సంకోచంగా అంటాను. మొదట్లో అద్దం వైపు వీపు తిప్పడానికే ఇష్టపడని పిల్ల ఇప్పుడు, "అక్కా, ఈరోజు నేనే చూసుకుని చెప్తా" అని థెరపిస్టును ఆపి, తన వంపును తానే వివరిస్తుంది.

వెళ్లాలనుకునేవారు ముందుగా పిల్లల వెన్నెముక వ్యాధులను చూసే ఎముకల వైద్యుడి దగ్గర నిర్ధారణ చేయించుకోవాలి. పదేళ్ల లోపు బిడ్డకు వంపు కనిపించినా, రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి ఉన్నా, కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రం మీద అదుపు తప్పడం వంటివి ఉన్నా, వంపు కొద్ది నెలల్లోనే వేగంగా పెరిగినా వ్యాయామ కేంద్రానికి కాకుండా నేరుగా వైద్యుడి దగ్గరకే వెళ్లాలి. ఎంఆర్ఐ అవసరం పడవచ్చు. ఎక్స్‌రే తీయించేటప్పుడు నిలబెట్టి, వెన్ను మొత్తం ఒకే ఫిల్ములో వచ్చేలా, కిరణాలు వీపు వైపు నుంచి ముందుకు వెళ్లేలా తీయమని అడగండి. అలా చేస్తే ఎదుగుతున్న రొమ్ము కణజాలానికి తగిలే రేడియేషన్ తగ్గుతుంది. పాత ఫిల్ములన్నీ జాగ్రత్త చేసి, ప్రతిసారీ వెంట తీసుకువెళ్లి, కొత్తదానిని కిందటిసారి దానితో ఒక్కదానితోనే కాకుండా మొట్టమొదటి దానితో కూడా పోల్చి కొలవమనండి.